జారుడు గట్టు మీద నాలుగు చక్రాల పట్టు: డిఫరెన్షియల్‌ను తెలుసుకుని బండి నడిపే పద్ధతి

గోదావరి డెల్టాలో కొండలు లేవు. అయినా ఇక్కడ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి నడిపేవారికి వాలు ఎదురుకాని వానాకాలం ఉండదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల వెంట సాగే ఏటిగట్లు, వాటి మీద నుంచి లంకల్లోకి దిగే బాటలు, కాలువ గట్లు, రొయ్యల చెరువుల గట్లు, ఇసుక ర్యాంపులు, నరసాపురం–సఖినేటిపల్లి రేవులాంటి చోట్ల పంటు దగ్గరకు దిగే ఒడ్డు, ఇవన్నీ మనుషులు వేసినవో, ఏరు కోసినవో అయిన పొట్టి వాలులే. ఎండాకాలంలో వీటిని ఎవరూ పట్టించుకోరు. తొలకరికి నల్లమట్టి నాని మెత్తబడ్డాకనో, వరద తీసి బాట మీద వేలెడు మందాన ఒండ్రు మిగిలాకనో అవే వాలులు మంచి బండ్లను సైతం సగంలో నిలబెట్టేస్తాయి.

అలా నిలబడినప్పుడు చాలామంది ఇంజన్ బలం చాలలేదనుకుని యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు. నిజానికి అక్కడ కరవైనది బలం కాదు, పట్టు. ఉన్న పట్టులో ఎంత వాడుకోగలమన్నది ఇరుసు నడుమ ఉండి ఇంజన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకూ పంచే పళ్ల చక్రాల అమరిక, అంటే డిఫరెన్షియల్, తేలుస్తుంది. దాన్ని ఎప్పుడు లాక్ చేయాలి (అంటే రెండు చక్రాలూ ఒకే వేగంతో కలిసి తిరిగేలా బిగించాలి), ఎప్పుడు వదిలేయాలి అన్నది వాలు మధ్యలో చక్రం తిరుగుతుండగా ఆలోచించే సంగతి కాదు. వాలు అడుగున బండి ఆపి, దిగి, నేలను చూసి తేల్చుకోవాలి. ఆ నిర్ణయానికి కావలసిన తెలివిడి, ఆ తర్వాత చేయవలసిన పనులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

డిఫరెన్షియల్ ఏం చేస్తుంది

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. గట్టు మీద నుంచి పుంతలోకి 6 మీటర్ల సగటు వ్యాసార్థంతో తిరుగుతున్న బండికి చక్రాల మధ్య ఎడం ఒకటిన్నర మీటర్లు ఉంటే, బయటి చక్రం లోపలి చక్రం కంటే నాలుగో వంతుకు మించి ఎక్కువ దూరం పోతుంది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోక తప్పదు. ఆ ఇబ్బందిని తీర్చేందుకే ఇంజన్ బలంతో తిరిగే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్ వీల్‌కు బిగించిన కేసులో చిన్న పళ్ల చక్రాలు పెట్టి, రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పించారు. క్రౌన్ వీల్ వేగం ఎప్పుడూ ఆ రెండు చక్రాల వేగాల సగటుకు సమానంగా ఉంటుంది. ఒక చక్రం పూర్తిగా ఆగిపోతే రెండోది క్రౌన్ వీల్‌కు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఈ రెట్టింపు సంగతిని గుర్తుంచుకోవాలి, దిగుడు గురించి చెప్పేటప్పుడు దీనితో పని పడుతుంది.

వేగాల్లో ఇంత స్వేచ్ఛ ఇచ్చే ఓపెన్ డిఫరెన్షియల్, అంటే లాక్ పడని మామూలు డిఫరెన్షియల్, తిప్పే బలం విషయంలో మాత్రం ఏ స్వేచ్ఛా ఇవ్వదు. అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలాన్నే పంచుతుంది. బలమంతా జారే చక్రానికే పోతుందని చాలామంది అంటారు గానీ అది సరికాదు. జారే చక్రం ఎంత బలాన్ని తట్టుకుంటుందో అంతే రెండో చక్రానికీ అందుతుంది, అంతకు మించి అందదు. ఒక చక్రం ఒండ్రులో ఊరికే తిరుగుతుంటే దానికి ఎదురు నిలిచే బలం దాదాపు శూన్యం కాబట్టి, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ దాదాపు శూన్యమే దక్కుతుంది. ఇంజన్ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు.

ఒక ర్యాంపు లెక్క

మాటలకంటే అంకెలతో ఇది బాగా తెలుస్తుంది. 1800 కిలోల బండి, 5 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు ఎత్తు ఎక్కే ర్యాంపు అనుకుందాం. బండి బరువులో దాన్ని వెనక్కి లాగే భాగం సుమారు 350 కిలోల బలం. మెత్తని పైపొరలో చక్రాలు దొర్లడానికి మరో 60 కిలోలు అనుకుంటే, బండి కదలాలంటే మొత్తం 410 కిలోల లాగుడు కావాలి. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి మళ్లుతుంది కనుక వెనుక ఇరుసు మీద సుమారు 980 కిలోలు, ముందు ఇరుసు మీద సుమారు 780 కిలోలు నేలను నొక్కుతాయి. తడిసిన మట్టి మీద టైరు తన మీద పడిన బరువులో 30 శాతం మేర పట్టు ఇస్తుందని లెక్కకు తీసుకుందాం.

ఇప్పుడు వెనుక రెండు చక్రాలతోనే లాగే బండి అయితే దానికి దొరికేది 295 కిలోలే కాబట్టి అది ఎక్కదు. నాలుగు చక్రాలూ లాగితే 530 కిలోలు దొరుకుతాయి కాబట్టి సులువుగా ఎక్కుతుంది. ఇక వెనుక చక్రాల్లో ఒకటి నున్నటి ఒండ్రు మీద పడి, దాని పట్టు 10 శాతానికి, అంటే 50 కిలోలకు తగ్గిందనుకోండి. వెనుక డిఫరెన్షియల్ ఓపెన్ అయితే రెండో చక్రానికీ 50 కిలోలే దక్కుతాయి. ముందు ఇరుసు ఇచ్చే 235 కలిపినా మొత్తం 335 దాటదు, కనుక ఫోర్‌వీల్ వేసిన బండి కూడా ఆగిపోతుంది. అదే వెనుక డిఫరెన్షియల్‌ను లాక్ చేస్తే జారే చక్రం 50 ఇస్తుంది, పట్టున్న చక్రం తన 145 పూర్తిగా ఇస్తుంది, ముందు ఇరుసు 235 కలిసి 430 అవుతుంది, బండి ఎక్కుతుంది. బండిలో గానీ నేలలో గానీ ఏ మార్పూ లేకుండా 95 కిలోల లాగుడు అదనంగా చేతికి వచ్చింది.

ఇక్కడే లాక్ హద్దు కూడా చూసుకోవాలి. ముందు చక్రాల్లోనూ ఒకటి అదే నున్నటి ఒండ్రు మీద పడితే, ముందూ వెనుకా రెండు డిఫరెన్షియల్ లాకులూ వేసినా మొత్తం 350 దగ్గరే ఆగిపోతుంది. లాక్ కొత్తగా పట్టును పుట్టించదు, చక్రాల కింద ఉన్న పట్టును వృథా కానివ్వదు, అంతే. ఆ పరిస్థితిలో చేయవలసిన పని పార పట్టుకుని ఆ ఒండ్రును గీకేయడం, చక్రాల బాటలో కొబ్బరి డొక్కలో మట్టలో ఇటుక ముక్కలో పరచడం. అలా పరిచినప్పుడు బండి వెనుక ఎవరూ నిలబడకుండా చూడాలి, ఎందుకంటే తిరిగే చక్రం వాటిని వెనక్కి విసిరేస్తుంది.

మీ బండిలో ఏముందో ముందు తెలుసుకోండి

ఫోర్‌వీల్ డ్రైవ్ అన్న అక్షరాలు బండి వెనుక కనిపిస్తే నాలుగు చక్రాలూ తప్పక లాగుతాయని అనుకోకూడదు. మన దగ్గర తిరిగే జీపు తరహా బండ్లలో ఎక్కువ వాటికి ముందు ఇరుసులో ఒకటి, వెనుక ఇరుసులో ఒకటి డిఫరెన్షియల్ ఉంటాయి. బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో 4హెచ్ (నాలుగు చక్రాలు, మామూలు వేగం) గానీ 4ఎల్ (నాలుగు చక్రాలు, నిదానపు లో రేంజి) గానీ వేస్తే, ఆ ఇరుసులకు పోయే ముందు, వెనుక షాఫ్టులు రెండూ ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. అందువల్ల ముందు ఇరుసు జారినా వెనుక ఇరుసు లాగుతుంది. కానీ ప్రతి ఇరుసు లోపలా ఓపెన్ డిఫరెన్షియలే ఉంటే ముందొక చక్రం, వెనుకొక చక్రం జారిన క్షణాన బండి నిలిచిపోతుంది. ఇందుకు విరుద్ధంగా ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే బండ్లలో కొన్నింటికి ముందు, వెనుక షాఫ్టుల నడుమ మూడో డిఫరెన్షియల్ ఉంటుంది. అది ఓపెన్‌గా ఉండి, దాన్ని లాక్ చేసే మీట వాడకపోతే, నాలుగింటిలో ఏ ఒక్క చక్రం జారినా మిగిలిన మూడూ లాగడం మానేస్తాయి. అలాంటి బండి ఉన్నవారు జారుడు వాలుకు ముందు మధ్య డిఫరెన్షియల్‌ను తప్పనిసరిగా లాక్ చేయాలి.

ఇక ఇరుసు లోపలి సంగతి. ఒకప్పుడు మన ఊళ్లలో విరివిగా తిరిగిన మారుతి జిప్సీకి రెండు ఇరుసులూ ఓపెన్ డిఫరెన్షియల్‌తోనే వచ్చేవి. తేలికైన బండి కాబట్టి అది చాలా చోట్ల నెట్టుకొచ్చింది గానీ, ఎదురు మూలల చక్రాలు రెండూ తేలిపోయే చోట నిలిచిపోయేది. ఫోర్స్ గుర్ఖాలో ముందు, వెనుక డిఫరెన్షియళ్లు రెండింటినీ డ్రైవరే లాక్ చేసుకోవచ్చు. టొయోటా హైలక్స్‌లో వెనుక డిఫరెన్షియల్‌కు స్విచ్‌తో వేసే లాక్ ఉంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో కొన్ని రకాలకు వెనుక ఇరుసులో తనంతట తానే బిగుసుకునే యాంత్రిక లాక్ ఉంది. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మారుతి జిమ్నీలో డిఫరెన్షియళ్లు ఓపెన్ అయినా, జారే చక్రానికి బండే స్వయంగా బ్రేకు వేసే ఏర్పాటు ఉంది. మీ బండి మాన్యువల్ తెరిచి ఈ రకాల్లో మీది ఏదో తెలుసుకోకుండా గట్టు దిగవద్దు, ఎందుకంటే ఒక్కో రకానికి కాలు వాడే తీరు వేరు.

డ్రైవర్ వేసే లాక్ చక్రాలు జారకముందే వేయాలి. బండి నిలిచి ఉండగా గానీ, నడక వేగంలో తిన్నగా పోతుండగా గానీ వేసి, డ్యాష్‌బోర్డు మీద దీపం మిణకడం మాని నిలకడగా వెలిగేదాకా ఆగాలి. వెలగకపోతే రెండు మూడు మీటర్లు నెమ్మదిగా ముందుకు వెనక్కి కదిపితే లోపలి పళ్లు కుదురుకుంటాయి. ఒక చక్రం వేగంగా తిరుగుతుండగా లాక్ వేస్తే ఆ అదురంతా యాక్సిల్ షాఫ్టు మీద, లాక్ పళ్ల మీద పడి విరిగే ప్రమాదం ఉంది.

తనంతట తానే బిగుసుకునే లాక్‌ది ఇంకో పద్ధతి. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే అది బిగుసుకుంటుంది. థార్ టైరు చుట్టుకొలత సుమారు రెండున్నర మీటర్లు కాబట్టి, ఒక చక్రం రెండో దానికంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కువ తిరగాలన్నమాట. అందువల్ల చక్రం జారడం మొదలైన వెంటనే భయపడి కాలు తీసేస్తే లాక్ బిగుసుకునే అవకాశమే దానికి దక్కదు. కాలిని నిలకడగా ఉంచి, కొద్దిగా పెంచి, వెనుక నుంచి టక్కుమన్న శబ్దం విన్నాక నెమ్మదిగా లాగించాలి. అయితే ఒక్కసారిగా గట్టిగా తొక్కితే అదే టక్కు దెబ్బగా మారుతుంది.

బ్రేకు సాయంతో పనిచేసే ఏర్పాటుకూ ఇలాంటి ఓపికే కావాలి. జారే చక్రాన్ని సెన్సర్లు గుర్తించి దానికి బ్రేకు వేస్తే, ఆ బ్రేకు ఎదుర్కొన్నంత బలం డిఫరెన్షియల్ సమపంపకం వల్ల పట్టున్న చక్రానికీ అందుతుంది. అది పని చేస్తున్నప్పుడు కటకటమని శబ్దం వస్తుంది, బండి ఆగి ఆగి కదులుతుంది. ఆ రెండు మూడు సెకన్లు కాలు కదపకుండా ఉంచగలిగితే ఎక్కుతుంది, తీస్తూ తొక్కుతూ ఉంటే ఎక్కదు. ఇంజన్ బలం కొంత బ్రేకులోనే ఖర్చవుతుంది గనుక, పొడవాటి బురద బాటలో బ్రేకులు వేడెక్కుతాయి. మన ఏటిగట్టు ర్యాంపుల్లాంటి పొట్టి వాలులకు ఇది చాలావరకు సరిపోతుందనే నా అభిప్రాయం, కానీ వారం వారం లంకల్లోకి సరుకు మోసుకుపోయే బండికి యాంత్రిక లాక్‌నే ఎంచుకోవాలి.

ట్రాక్టర్ పెడల్, హ్యాండ్‌బ్రేకు నమ్మకం

డిఫరెన్షియల్ గురించి డెల్టాలో అందరికంటే బాగా తెలిసినవారు ట్రాక్టర్ డ్రైవర్లు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం మడిలో దిగబడి తిరిగితే, వారు మడమ దగ్గరున్న డిఫరెన్షియల్ లాక్ పెడల్‌ను నొక్కి బయటపడతారు, గట్టి నేల రాగానే మలుపుకు ముందే వదిలేస్తారు. లాక్ పాడైన పాత ట్రాక్టర్ అయితే కుడి, ఎడమ చక్రాలకు వేరువేరుగా ఉండే బ్రేకు పెడళ్లలో, తిరుగుతున్న చక్రం వైపు పెడల్‌ను మాత్రమే కొద్దికొద్దిగా తొక్కుతారు. జిమ్నీలో కంప్యూటర్ చేసే పని సరిగ్గా ఇదే.

దీన్ని చూసి జీపుల్లో హ్యాండ్‌బ్రేకు కొద్దిగా లాగితే అదే ఫలితం వస్తుందనే నమ్మకం చాలా చోట్ల వినిపిస్తుంది. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న బండికి ఇది పనికిరాదు. హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలు రెండింటినీ సమానంగా పట్టుకుంటుంది. జారే చక్రం వైపు బ్రేకు ఎంత బలాన్ని పుట్టిస్తే అంత బలం రెండో చక్రానికీ అందేమాట నిజమే గానీ, అక్కడ ఉన్న బ్రేకు కూడా సరిగ్గా అంతే బలాన్ని మింగేస్తుంది. నికరంగా మిగిలేది సున్నా. బలాన్ని నిష్పత్తి ప్రకారం పట్టున్న వైపుకు పంచే టోర్సెన్ తరహా గేర్ల డిఫరెన్షియల్ ఉంటే మాత్రం ఈ కిటుకు పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ జారే వైపు ఒక కిలో పెరిగితే పట్టున్న వైపు రెండు మూడు కిలోలు పెరుగుతాయి. మన జీపుల్లో అలాంటివి అరుదు.

ఎక్కే పద్ధతి

ముందు బండి దిగి వాలు మీద నడవాలి. మడమతో పైపొరను నొక్కి చూస్తే కింద గట్టి నేల ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. వేలెడు ఒండ్రు కింద గట్టి గట్టుమట్టి ఉంటే బండి ఎక్కుతుంది. చీలమండ దాకా దిగబడితే ఏ లాకూ చాలదు, బాట ఆరేదాకా ఆగడమో ట్రాక్టర్‌ను పిలవడమో చేయాలి. ట్రాక్టర్లు తిరిగిన బాటలో లోతైన గాళ్లు పడి ఉంటే, మీ బండి డిఫరెన్షియల్ గుండు ఆ గాళ్ల మధ్య దిబ్బకు తగులుతుందేమో వంగి చూడండి. దిబ్బ మీద కూర్చున్న బండికి చక్రాల మీద బరువు ఉండదు, బరువు లేని చోట పట్టు గురించి మాట్లాడడమే వృథా.

తర్వాత వాలుకు ఎదురుగా, తిన్నగా నిలిచేలా బండిని సర్దుకోవాలి. ఏటిగట్టు ర్యాంపులు చాలావరకు గట్టుకు ఏటవాలుగా వేసినవే కాబట్టి, పైన గట్టు అంచు దగ్గర బండి మెలిపడి, ముందొక మూల చక్రం, వెనుక ఎదురు మూల చక్రం దాదాపు తేలిపోతాయి. ఓపెన్ డిఫరెన్షియళ్లతో బండ్లు ఆగిపోయేది ఎక్కువగా ఈ ఆఖరి రెండు మీటర్లలోనే. ఆ అంచును వీలైనంత అడ్డంగా కాకుండా ఎదురుగా దాటేలా ముందే దారి ఎంచుకోవాలి, వీలు లేకపోతే అక్కడికి చేరేసరికి వెనుక లాక్ పడి ఉండాలి.

గేరు విషయంలో 4ఎల్ వేసి రెండో గేరుతో మొదలుపెట్టడం మంచిది. లో రేంజి చక్రాలకు అందే బలాన్ని రెండు, రెండున్నర రెట్లు పెంచుతుంది. కానీ జారుడు నేల మీద మనకు కావలసింది ఆ బలం కాదు, ఆగిపోకుండా నెమ్మదిగా పోగల నిదానం. మొదటి గేరులో కాలు కొంచెం బరువైనా చక్రం గిర్రున తిరిగి నల్లమట్టిని నున్నగా మెరుగుపెట్టేస్తుంది, టైరు గాడులన్నీ బంకమట్టితో పూడిపోయి టైరు బోడిదైపోతుంది. అప్పటిదాకా 30 శాతం ఉన్న పట్టు ఆ ఒక్క చుట్టుతోనే పడిపోతుంది. మెత్తని ఒండ్రు, ఇసుక మేట ఉన్న బాటలకు టైర్ల గాలి 18–20 పీఎస్‌ఐకి తగ్గిస్తే మేలు. గట్టి నేల మీద పలుచని జారుడు పొర మాత్రమే ఉంటే గాలి తగ్గించినందువల్ల వచ్చే లాభం తక్కువ. తగ్గించిన గాలితో 216వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా పోకూడదు.

లాక్ వేశారు, గేరు వేశారు, ఇక క్లచ్ పూర్తిగా వదిలేసి నడక వేగంలో ఎక్కాలి. మధ్యలో క్లచ్ తొక్కకూడదు, గేరు మార్చకూడదు. ముందు చక్రాలు జారుతున్నట్టు అనిపిస్తే స్టీరింగును కొద్దిగా కుడికీ ఎడమకూ ఆడిస్తే టైరు అంచులు కొత్త మట్టిని పట్టుకుంటాయి. ముందు డిఫరెన్షియల్‌ను కూడా లాక్ చేసిన బండిలో ఇది కుదరదు, ఎందుకంటే ముందు చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతుంటే బండి స్టీరింగు మాట వినదు, తిన్నగా పోవాలనే చూస్తుంది. అందుకే ముందు లాక్‌ను చివరి మార్గంగా, తిన్నని బాటలో కొన్ని మీటర్లకు మాత్రమే వాడాలి.

ఎక్కలేక ఆగిపోతే బండిని వాలు మీద తిప్పే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. అడ్డం తిరిగిన బండి దొర్లిపోతుంది. బ్రేకు తొక్కి పట్టి, లో రేంజి రివర్సు గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఇంజన్ నిగ్రహంతోనే (గేరులో ఉన్న ఇంజన్ చక్రాలను పట్టి ఉంచే బలంతోనే) ఎక్కిన గాళ్లలో తిన్నగా వెనక్కి దిగాలి. న్యూట్రల్‌లో వదలకూడదు. లాక్ అప్పటికే పడి ఉంటే అలాగే ఉండనివ్వండి.

లాక్ వేయకూడని చోటు

డెల్టాలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాలు ఎదురుగా ఉన్నది కాదు, పక్కకు ఒరిగి ఉన్నది. కాలువ గట్టు మీద బాట వానకు ఒకవైపు కుంగి కాలువ వైపు వాలి ఉన్నప్పుడు, బండి ఆ వాలుకు అడ్డంగా పోవలసి వస్తుంది. టైరుకు ఉన్న మొత్తం పట్టును ముందుకు లాగడానికీ, పక్కకు జారకుండా నిలపడానికీ పంచుకోవాలి. గిర్రున తిరిగే టైరు పక్కకు దాదాపు పట్టు ఇవ్వదు. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న ఇరుసులో ఒక చక్రం జారి తిరిగినా, రెండోది నిదానంగా ఉండి బండి వెనుక భాగాన్ని గట్టు మీద నిలుపుతుంది. బండి ముందుకు పోకపోవచ్చు, కానీ కాలువలోకి జారే ప్రమాదం తక్కువ. లాక్ వేసి ఉంటే రెండు చక్రాలూ కలిసే జారతాయి, ఆ క్షణంలో వెనుక భాగం మొత్తం వాలు వైపు కొట్టుకుపోతుంది. కాబట్టి పక్కవాలు బాటలో 4హెచ్ లేదా 4ఎల్ వేసుకోండి గానీ డిఫరెన్షియల్ లాకులు తీసేయండి. వెనుక లాక్ తనంతట తానే బిగుసుకునే రకమైతే, అది బిగుసుకునేంతగా చక్రం తిరగకుండా కాలు తేలికగా ఉంచడం ఒక్కటే దారి. బాట మరీ ఒరిగి ఉంటే, ఎంత దూరమైనా సరే, వేరే దారి చూసుకోవాలి. లాకులున్న బండి కదా అనే ధీమాతో అలాంటి గట్టు మీదకు పోవడాన్ని నేను ఎవరికీ సమ్మతించను.

దిగేటప్పుడు

రేవుకు దిగే ఒడ్డు మీద, లంక బాట మీద బ్రేకులకంటే ఇంజన్ నిగ్రహమే నమ్మదగినది. దానికి 4ఎల్ మొదటి గేరు వేయాలి. దిగేటప్పుడు బరువు ముందుకు మళ్లుతుంది కాబట్టి, వెనుక చక్రాలకు మాత్రమే అందే 2హెచ్‌లోని ఇంజన్ నిగ్రహం తేలికబడిన ఇరుసు మీద వృథా అవుతుంది. పైగా ముందు చెప్పిన రెట్టింపు లెక్క ఇక్కడ ఎదురు తిరుగుతుంది. వెనుక చక్రాల్లో ఒకటి ఒండ్రు మీద ఆగిపోయి ఈడ్చుకుపోతే, రెండోది క్రౌన్ వీల్ వేగానికి రెట్టింపు వేగంతో దొర్లగలదు, అంటే ఇంజన్ అదే నిదానంలో ఉన్నా బండి వేగం రెట్టింపు కాగలదు. 4ఎల్‌లో ముందు, వెనుక షాఫ్టులు బిగుసుకుని ఉంటాయి కనుక, బండి అలా తప్పించుకుపోవాలంటే రెండు ఇరుసుల్లోనూ ఒక్కో చక్రం జారాలి. తిన్నని దిగుడులో వెనుక లాక్ కూడా వేస్తే ఆ వీలు ఇంకా తగ్గుతుంది. చక్రాలు ఈడ్చుకుపోతూ బండి జారుతున్నట్టు తెలిస్తే బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్‌ను కొద్దిగా తాకించి చక్రాలను బండి వేగానికి తెస్తే మళ్లీ పట్టు, దానితో స్టీరింగు, రెండూ తిరిగి వస్తాయి.

ఇదే లెక్క వాలు మీద నిలిపిన బండికీ వర్తిస్తుంది. గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు లేకుండా 2హెచ్‌లో వదిలిన బండికి ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపితే, ఆ చక్రం వెనక్కి తిరుగుతూ రెండోదాన్ని ముందుకు దొర్లనిస్తుంది. గేరు దాన్ని ఆపలేదు. గట్టు వాలు మీద పంచరు వేయవలసి వస్తే చక్రాలకు రాళ్లో దుంగలో తప్పక అడ్డం పెట్టాలి.

గట్టు ఎక్కాక

గట్టి రోడ్డు మీదకు రాగానే మొదట డిఫరెన్షియల్ లాకులు, ఆ తర్వాత 4హెచ్ తీసేయాలి. మధ్య డిఫరెన్షియల్ లేని బండిని పొడి తారురోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిప్పితే ముందు, వెనుక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని, స్టీరింగు బరువెక్కుతుంది, మీట ఇరుక్కుపోతుంది. అలా ఇరుక్కుంటే రెండు మూడు మీటర్లు తిన్నగా వెనక్కి పోతే ఆ మెలి విడిపోయి మీట వస్తుంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఒకే మేర అరిగి ఉండాలన్న నియమం కూడా ఈ కారణం చేతనే పెట్టారు.

నీళ్లలో దిగిన బండికి ఇంకో పని ఉంది. వేడెక్కిన డిఫరెన్షియల్ కాజ్‌వే మీది చల్లటి నీటిలో మునిగితే, లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ (లోపలికీ బయటికీ గాలి ఆడే గొట్టం) పూడినా సీలు అరిగినా నీటిని లోపలికి లాక్కుంటుంది. ఫిల్లర్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. నూనె పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే ఆలస్యం చేయకుండా మార్చాలి. మార్చేటప్పుడు మీ బండి మాన్యువల్ చెప్పిన గ్రేడు నూనెనే పోయించండి. క్లచ్ ప్లేట్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే దానికి వేరే నూనె, లేదా నూనెలో కలిపే ప్రత్యేక ద్రవం కావాలి, మామూలు నూనె పోస్తే మలుపుల్లో ప్లేట్లు కిర్రుమని పట్టేస్తాయి. బ్రీదర్ గొట్టాన్ని ఇంజన్ పైభాగం దాకా పొడిగించి కట్టించుకోవడం చిన్న ఖర్చు, లంకల్లోకి తరచూ పోయేవారు తొలకరికి ముందే చేయించుకోవాలి.